కంట్లో పట్టే పాచి

(విజయవాడలో ఒక గ్రంథాలయం హాల్లో, ఆదివారం సాయంత్రం, కంటి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసే ఒక మైక్రోబయాలజిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

నన్ను పిలిచినవాళ్లు "కంటి జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. నేను కంటి డాక్టర్ని కాను. ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే సభ అయ్యాక అద్దాల నంబరు చూడమంటారు. (నవ్వులు) డాక్టరు గారు కంటి మీద పుండుని గీకి, గాజుపలక మీద రాసి పంపిస్తారు. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో చేరింది ఎవరో చెప్పడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో. రోగి మొహం నాకు తెలియదు. ఆ మనిషి కంట్లో కాపురం పెట్టినవాళ్లు మాత్రం బాగా తెలుసు.

ఇవాళ ఒక్క మాట పట్టుకునే మాట్లాడతాను. ఆ మాట పాచి.

పొద్దున్నే పళ్లు తోముకోకుండా కాఫీ అడిగితే "పాచి మొహంతో కాఫీ ఏమిట్రా" అని అమ్మ తిడుతుంది. పంటి మీద పసుపుపచ్చగా పట్టేదీ పాచే. పున్నమి ఘాట్‌లో నీళ్లు తగిలే చివరి మెట్టు మీద కాలు పెట్టి చూడండి, జర్రున జారుతుంది. అదీ పాచే. పంటి మీద దానికీ, కృష్ణ ఒడ్డున మెట్టు మీద దానికీ మన పెద్దవాళ్లు ఒకే పేరు పెట్టారు. మెట్టు మీద పచ్చగా కనిపించేది నాచే అనుకోండి, కాని ఆ జిగట తయారు చేయడంలో బ్యాక్టీరియాకి పెద్ద వాటా ఉంది. సైన్సులో దీన్ని బయోఫిల్మ్ అంటారు. కొండవాగుల్లో రాళ్ల మీది జిగటనీ, మన ఒంట్లో పట్టేదాన్నీ ఒకే కంటితో చూడాలని బిల్ కాస్టర్టన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లూ గట్టిగా చెప్పింది 1970ల చివర్లో. మన భాషలో అప్పటికే ఉంది. ఇదేదో మనవాళ్లకి ముందే తెలుసని గొప్పలు చెప్పుకోవడానికి అనడం లేదు. చేతికి జిగటగా తగిలింది కాబట్టి ఆ పేరు పెట్టారు, అంతే.

నిజానికి ఈ సంగతి మొదట కళ్లారా చూసినవాడు హాలండ్‌లో ఒక బట్టల వ్యాపారి, లీవెన్‌హుక్. 1683లో తన పంటి పాచి గీకి, తనే చేసుకున్న కటకం కింద పెట్టి చూస్తే చిన్న చిన్న జీవాలు ఈదుతూ కనిపించాయి. వెనిగర్‌తో నోరు పుక్కిలించి మళ్లీ చూశాడు. పైపైన ఉన్నవి చచ్చాయి, పాచి లోపలున్నవి అలాగే ఉన్నాయి. అదే రాసిపెట్టాడు. ఇవాళ నేను చెప్పబోయేది మొత్తం ఆ ఒక్క పరిశీలనలోనే ఉంది. వెనిగర్ బదులు మనం మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వేస్తున్నాం.

సింగ్ నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, చేతులు లేస్తున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చి, పోయాక, సంపులు కడుక్కున్నాం కదా. మా చెల్లెలి ఇల్లు అటే. బురద ఎత్తిపోశాం, ట్యాంకరు నీళ్లు నింపాం, బ్లీచింగ్ పౌడరు వేశాం. మర్నాటికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని సంపులోకి చెయ్యి పెట్టి గోడ తడిమితే జిగట. నీళ్లలో ఉన్నవి చచ్చాయి, గోడని పట్టుకున్నవి చావలేదు. నీళ్లన్నీ తోడించి, కొబ్బరి పీచు పెట్టి రుద్దితే తప్ప వదల్లేదు. ఆ రోజు మా చెల్లి అన్నది, "అక్కా, మందు కాదే, గోకుడు కావాలి దీనికి" అని. కంటి డాక్టర్లు చేసేదీ సరిగ్గా అదే. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు కంటి దగ్గరికి వద్దాం.

నల్లగుడ్డు మీద గడియారం అద్దంలాగా ఒక పొర ఉంటుంది, కార్నియా. మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అందులో రక్తనాళాలు ఉండవు. ఉంటే మనకి చూపు ఎర్రగా మసకేసేది. రక్తం లేదు కాబట్టి, సూక్ష్మజీవి వచ్చి పడితే కాపలాదారులు, అంటే తెల్ల రక్తకణాలు, అంచుల నుంచి నడిచి రావాలి. మరి కన్ను రోజంతా తెరుచుకుని, మన బందరు రోడ్డు దుమ్ములో తిరుగుతూ ఎలా బతుకుతోంది? కన్నీళ్ల వల్ల. ఏడ్చినప్పుడు వచ్చేవి కావు, ఎప్పుడూ పల్చగా పూసుకుని ఉండేవి. ఏ క్షణాన చూసినా కంట్లో ఉండేది దాదాపు 7 మైక్రోలీటర్లు. మందు సీసా నుంచి జారే ఒక చుక్కలో ఆరో వంతో ఏడో వంతో. ఆ కాస్త నీటిని రెప్ప వచ్చి ప్రతి నాలుగైదు సెకన్లకీ తుడుస్తూ ఉంటుంది.

ఆ నీళ్లలో ఏముందో వెతికినవాడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్ ఫ్లెమింగే. 1922లో, అంటే పెన్సిలిన్ కంటే ముందే, లైసోజైమ్ అనే పదార్థం గురించి రాశాడు. కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల్ని అది కరిగించేస్తుంది. పరీక్షలకి కన్నీళ్లు కావాలని నిమ్మతొక్క కళ్ల దగ్గర పిండి, ల్యాబ్‌లో వాళ్లని ఏడిపించేవాడట. ఉల్లిపాయ ఎందుకు తట్టలేదో మరి. (నవ్వులు)

లైసోజైమ్ సంగతి స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. నాకు అంతకంటే ఇష్టమైనది లాక్టోఫెరిన్ అనే ఇంకో ప్రోటీన్. కన్నీళ్లలో బాగా ఉంటుంది. ఇనుముని పట్టేసుకుంటుంది. ఇనుము లేకపోతే బ్యాక్టీరియా పెరగలేదని పాతకాలం నుంచే తెలుసు. 2002లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పని ఇంకో సంగతి బయటపెట్టింది. బ్యాక్టీరియాని చంపలేనంత తక్కువ మోతాదులో లాక్టోఫెరిన్ ఉంచినా, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయింది. ఊరికే అటూ ఇటూ పాకుతూనే ఉంది. చావలేదు, కాని పాచి కట్టలేదు. కూర్చోవడానికి వచ్చిన చుట్టాన్ని "ఇక్కడ తుడవాలి, కాస్త లేవండి" అని తరుముతూ ఉంటే ఎంతసేపు ఉంటాడు?

సూడోమోనాస్ ఎరుజినోసా అని పూర్తి పేరు. కంటి వాళ్లకి ఈ పేరు వింటే టెన్షన్. పొడవు రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదువందలో వంతు. ఎక్కడ తడి ఉంటే అక్కడ ఉంటుంది. సింకు గొట్టంలో, కుళాయి మూతిలో, బాత్‌రూమ్ షవర్లో. దాని ఒంటికి ఒక చివర తోక, ఆ తోకతో ఈదుతుంది. ఈదుతున్నంతసేపూ దాన్ని చంపడం తేలికే. ఎక్కడైనా అంటుకుందా, అక్కడి నుంచి కథ మారుతుంది.

మొదట ఒక కొసతో ఊరికే ఆనుతుంది. అద్దె ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లలాగా, గుమ్మంలో నిలబడి చూస్తుంది. నచ్చకపోతే పోతుంది. మామూలు కార్నియా దానికి నచ్చదు. పైపొర కణాలు దగ్గరదగ్గరగా అల్లుకుని ఉంటాయి, వాటి మీద జారుడు మ్యూకస్, పైన కన్నీళ్లు, ఆపైన రెప్ప. పట్టు దొరకదు. అదే ఒక గీత పడితే? వరి కోతల్లో ఆకు కొస తగిలినా, నూర్పిళ్లలో ఊక ఎగిరి పడినా, గుంటూరు మిర్చి యార్డులో బస్తా దులుపుతుంటే గింజ తగిలి నలిపేసుకున్నా, పైపొర చిరుగుతుంది. కింద గరుకు బయటపడుతుంది. లేదంటే కంట్లో మనమే ఒక వస్తువు పెట్టుకుంటాం: కాంటాక్టు లెన్సు, ఆపరేషన్‌లో పెట్టిన లెన్సు, కుట్టు దారం, కన్నీటి గొట్టంలో సిలికాన్ ట్యూబు. రెప్ప కింద పెట్టిన వస్తువుకి ప్రాణం ఉండదు. తనని తాను రాల్చుకోలేదు. కార్నియా పైపొర వారం పదిరోజుల్లో మొత్తం రాలి కొత్తది వస్తుంది, అంటుకున్నవాళ్లని తీసుకుని మరీ రాలుతుంది. లెన్సు రాలదు కదా.

పట్టు దొరికింది. అప్పుడు బ్యాక్టీరియా లోపల ఒక చిన్న రసాయనం, సైక్లిక్ డై-జీఎంపీ అని దాని పేరు, పెరుగుతుంది. అది పెరగగానే తోక ఆడించడం ఆపుతుంది, జిగురు ఊరడం మొదలవుతుంది. ఈత మానేసి ఇల్లు కట్టుకోమని లోపలి నుంచి వచ్చే ఆజ్ఞ అనుకోండి. జిగురులో చక్కెర గొలుసులు ఉంటాయి, ప్రోటీన్లు ఉంటాయి, డీఎన్ఏ ఉంటుంది. డీఎన్ఏ అంటే లోపల ఉండాల్సింది కదా, బయటికి ఎలా వచ్చింది? కొన్ని కణాలు పగిలి, వాటిలోది బయట పడుతుంది. ఉన్నవాళ్లు దాన్ని తాళ్లలాగా వాడుకుంటారు. చచ్చినవాళ్ల ఎముకలతో గోడ కట్టుకున్నట్టు. 2002లోనే సైన్స్ పత్రికలో ఇంకో బృందం చూపించింది: డీఎన్ఏని తుంచే ఎంజైము వేస్తే లేత పాచి కరిగిపోతుంది, ముదిరినది అంతగా కరగదు. లేతగా ఉండగానే పట్టుకోవాలి అన్నది అక్కడ తేలింది.

తర్వాత కోరం. అపార్టుమెంటులో ఉండేవాళ్లకి ఈ మాట బాగా తెలుసు, అసోసియేషన్ మీటింగుకి కోరం లేదని ఎన్నిసార్లు వాయిదా వేసుకున్నామో. బ్యాక్టీరియా కూడా అంతే. ఒక్కొక్కటీ చిన్న చిన్న రసాయన సంకేతాలు వదులుతూ ఉంటుంది. చుట్టూ ఆ సంకేతం చిక్కబడితే, మనవాళ్లు చాలామంది చేరారని అర్థం. అప్పుడే తీర్మానం పాస్ అవుతుంది: కణజాలాన్ని కరిగించే ఎంజైములు వదలండి, పాచిని గట్టిచేయండి అని. పది మంది ఉన్నప్పుడు ఎంజైము వదిలితే వృథా, పైగా మన రక్షణ వ్యవస్థకి దొరికిపోతారు. దీని శాస్త్రీయ నామం కూడా కోరం సెన్సింగే.

అంటుకోవడానికి నిమిషాలు. గుంపు కట్టడానికి గంటలు. రెండు మూడు రోజులకి మా ల్యాబ్ ప్లేట్లలో పాచి బాగా ముదురుతుంది. మధ్యలో నీళ్లు పారే సన్నటి కాలవలు కూడా ఏర్పడతాయి, అడుగున ఉన్నవాళ్లకి కాస్త తిండి అందడానికి. ఇలా కట్టిన పాచిని ఎండబెట్టి తూచితే, చాలా వాటిలో బ్యాక్టీరియా బరువు పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా అవి ఊసిన జిగురే.

ఇదిగో, ఒకటి తెచ్చాను. ఈ ప్లాస్టిక్ పలకలో 96 గుంటలు ఉన్నాయి, ఒక్కోటి కందిగింజ పట్టేంత. భయపడకండి, అన్నీ చచ్చినవే, మిథనాల్ పోసి చంపి, ఆరబెట్టి, మూత మీద టేపు వేశాను. మూత తీయకుండా చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. ఒక్కో గుంటలో ఒక్కో రోగి కంటి నుంచి వచ్చిన బ్యాక్టీరియాని పెంచాం. 48 గంటల తర్వాత నీళ్లు వంపేసి, మూడుసార్లు కడిగి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేశాం. మన చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసేవారే, జెన్షన్ వయొలెట్ అని ఊదా మందు, ఆ రంగే. మళ్లీ కడిగాం. కొన్ని గుంటలు తెల్లగా ఉన్నాయి చూడండి, వాటిలో బ్యాక్టీరియా పెరిగింది కాని గోడని పట్టుకోలేదు, నీళ్లతో పోయింది. కొన్నిటిలో గోడ చుట్టూ ఊదా రంగు ఉంగరం ఉంది. ఎన్నిసార్లు కడిగినా పోనిది అదే. రెండో వరసలో చివరి గుంట చూడండి, దాదాపు నల్లగా ఉంటుంది. దాని వెనక ఒక అమ్మాయి ఉంది.

ఆ అమ్మాయి ఊరూ పేరూ చెప్పను. హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకి చదువుకుంటోంది. నెలకోసారి మార్చే కాంటాక్టు లెన్సులు. రాత్రి ఒంటిగంట దాకా చదివి లెన్సులతోనే పడుకునేది. తీసిన రోజున డబ్బాని కుళాయి కింద తొలిచి, పాత సొల్యూషన్ మీదే కొత్తది పోసేది. ఒక పొద్దున కన్ను తెరవలేకపోయింది. వెలుతురు చూస్తే కత్తి గుచ్చినట్టు ఉందని చెప్పిందట. కార్నియా మధ్యలో తెల్లటి మచ్చ, ఒక్క రోజులో రెట్టింపు అయింది. డాక్టరు గారు కార్నియా గీకిన నమూనాతో పాటు లెన్సు డబ్బా కూడా పంపారు. డబ్బా నేనే తెరిచాను. కంటికి శుభ్రంగానే ఉంది. మూత మరల దగ్గర దూది పుల్ల తిప్పితే జారింది. జారడం అంటే, ఘాట్ మెట్టు మీద కాలు జారినట్టు. కంట్లోనూ, డబ్బాలోనూ ఒకటే సూడోమోనాస్. లెన్సుతో నిద్రపోతే కార్నియా ఇన్ఫెక్షన్ అవకాశం 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు చెబుతారు. ఎందుకో ఇప్పుడు మీకే తెలిసి ఉండాలి. రెప్ప తుడవదు, కన్నీళ్లు కదలవు, లెన్సు కింద గాలి ఆడదు, బ్యాక్టీరియాకి రాత్రంతా తీరిక. ఆ అమ్మాయి కన్ను నిలిచింది. మచ్చ మిగిలింది.

గుండె చెదరకండి, లెన్సులు వాడేవాళ్లు వాడుకోవచ్చు. కుళాయి నీళ్లు మాత్రం దగ్గరికి రానివ్వకండి.

సరే, మందులు ఎందుకు పనిచేయవు? ఈదే బ్యాక్టీరియాతో పోలిస్తే పాచిలో ఉన్నదాన్ని చంపడానికి పదుల రెట్లు, కొన్నిసార్లు వెయ్యి రెట్లు మందు కావాల్సి వస్తుంది. మొదటి కారణం జిగురు. టోబ్రామైసిన్ లాంటి మందుకి ధన విద్యుదావేశం, జిగురులో డీఎన్ఏకీ, ఆల్జినేట్ అనే చక్కెర గొలుసుకీ రుణావేశం. మందు గుమ్మంలోనే అతుక్కుపోతుంది. ఇది అందరూ చెప్పే కారణం. నన్నడిగితే రెండోది పెద్దది. పాచి అడుగున గాలి అందక, తిండి అందక, బ్యాక్టీరియా దాదాపు నిద్రలో ఉంటుంది. సెఫాజొలిన్ లాంటి మందులు గోడ కట్టుకుంటున్న బ్యాక్టీరియానే చంపగలవు. పడుకున్నవాడికి గోడ పని ఏముంది? 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే డాక్టరు, పెన్సిలిన్ ఎంత పోసినా కొద్దిమంది స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మిగులుతున్నారని చూసి, వాటికి పర్సిస్టర్లు అని పేరు పెట్టాడు. వాటి పిల్లలకి మళ్లీ అదే పెన్సిలిన్ వేస్తే చచ్చేవి. అంటే మందుని ఓడించే శక్తి సంపాదించినవి కావు, ముసుగుతన్ని పడుకున్నవి. పాచిలో అలాంటివాళ్లు ఎక్కువ. మందు ఆపగానే లేస్తారు. "చుక్కలు వేసినన్నాళ్లు తగ్గింది, ఆపితే మళ్లీ వచ్చింది" అని రోగి అన్నాడంటే, నేను ముందు అనుమానించేది వీళ్లనే.

మన తెల్ల రక్తకణాలు? అవీ వస్తాయి. పాచిని మింగబోయి మింగలేక, తమ దగ్గరున్న ఎంజైములన్నీ అక్కడే కుమ్మరిస్తాయి. పాచికి ఏమీ కాదు, కార్నియా కరుగుతుంది. కంటి పువ్వు అంటామే, పుండు మానాక మిగిలే ఆ తెల్లమచ్చలో బ్యాక్టీరియా చేసిన నష్టం కొంత, మన కాపలావాళ్లు చేసిన నష్టం కొంత. కాని వాళ్లని తిట్టడానికి కూడా లేదు. 2019లో కెనడాలో ఎలుకల మీద చేసిన పనిలో ఒక విచిత్రం కనపడింది. సూడోమోనాస్ పాచి కట్టిన కన్ను చుట్టూ తెల్లకణాలు తమ డీఎన్ఏనే వలలాగా విసిరి అడ్డుకట్ట వేశాయి. పాచిని చంపలేకపోయాయి కాని, ఆ గట్టు లేని ఎలుకల్లో బ్యాక్టీరియా మెదడు దాకా వెళ్లింది. కన్ను ముంచి మెదడు కాచాయి.

ఇంకో రకం పాచి ఉంది, అది చూడడానికి అందంగా ఉంటుంది. అనకూడదు గానీ నిజం. కార్నియా మార్పిడి అయ్యి, నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు, అంటే వాపుతో పాటు మన రక్షణనీ అణిచేసే మందు, వేసుకుంటున్నవాళ్లలో కొందరికి వస్తుంది. 1983లో మొదట రాశారు దీని గురించి. కన్ను పెద్దగా ఎర్రబడదు, నొప్పి అంతగా ఉండదు. కార్నియా లోపల తెల్లగా, ఫెర్న్ ఆకు పరిచినట్టు, సన్నపిండితో ముగ్గు వేసినట్టు కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తుంది. ఎక్కువగా మన నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ జాతి చేసే పని. పొరల మధ్య కిక్కిరిసి ఉంటాయి, చుట్టూ తెల్లకణాలు దాదాపు ఉండవు. నేను మొదటిసారి స్లైడు మీద చూసినప్పుడు, ఇన్ని బ్యాక్టీరియా ఉండి ఇంత నిశ్శబ్దం ఏమిటి అనిపించింది.

నోటి బ్యాక్టీరియా అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. కంట్లో నలుసు పడితే నాలుకతో తీసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ప్రేమతోనే చేస్తారు. కాని చిరిగిన కార్నియా మీద పంటి పాచి తెచ్చి పూస్తున్నారు.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్త, అప్పుడు వేరే ఊళ్లో పనిచేసేదాన్ని. ఒక రిటైర్డు మాస్టారికి శుక్లం ఆపరేషన్ అయింది, లెన్సు పెట్టారు. కంట్లో పెట్టే లెన్సు కథ పెద్దదే లెండి, 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిది పెట్టాడు, యుద్ధ విమానం అద్దాల్లో వాడే ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుని కూడా పెద్దగా హాని చేయడం లేదని గమనించి. హాని చేయకపోవడం నిజమే, బ్యాక్టీరియాకి కూర్చోవడానికి పీట అవడమూ నిజమే. మాస్టారికి నాలుగు నెలల తర్వాత చూపు మసకబారింది. స్టెరాయిడ్ వేస్తే తగ్గేది, ఆపితే వచ్చేది. కంటి ముందు గదిలోంచి నీరు తీసి పంపారు. అయిదు రోజులు చూశాను, ఏమీ పెరగలేదు. "నో గ్రోత్" అని రాసి సంతకం పెట్టి, ప్లేట్లు పారేశాను.

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చింది నమూనా. ఈసారి సర్జన్ గారు లెన్సు వెనక పొర మీద తెల్లగా పేరుకున్న ముక్కని కత్తిరించి పంపారు. మా సీనియర్ మేడమ్ దాన్ని చూసి, గాలి ఆడని జాడీలో పెట్టించి, 14 రోజుల దాకా తెరవద్దన్నట్టే చూసింది నా వైపు. తొమ్మిదో రోజున ఆవగింజలో సగం ఉండే కాలనీలు వచ్చాయి. క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్, మొటిమల్లో ఉండేది. నెమ్మదిగా పెరుగుతుంది, గాలి పడదు, లెన్సుకీ పొరకీ మధ్య పాచి కట్టుకుని నెలలు కూర్చుంటుంది. నీళ్లలో తేలదు, అందుకే నీరు తీస్తే దొరకలేదు. సంపు నీళ్లు పరీక్ష చేసి గోడ వదిలేసినట్టు చేశాను నేను. ఆ మొదటి రిపోర్టు మీద ఉన్నది నా సంతకమే. అప్పటి నుంచి "నో గ్రోత్" అని రాసే ముందు, దేని నుంచి తీశారు, ఎన్నాళ్లు చూశాను అని రెండు లైన్లు అదనంగా రాస్తాను. కొంతమంది డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

వైద్యం అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. పుండుతో వచ్చినవాళ్లకి మొట్టమొదట చేసేది గీకడం. తిమ్మిరి చుక్కలు వేసి, 15 నంబరు బ్లేడుతో పుండు అంచునీ అడుగునీ గీకుతారు. అది పరీక్ష కోసమే అనుకుంటారు రోగులు. సగం వైద్యం కూడా. పాచి ఊడుతుంది, మందుకి దారి దొరుకుతుంది. మా చెల్లి చెప్పిన గోకుడు. తర్వాత గంట గంటకీ చుక్కలు, రాత్రి కూడా అలారం పెట్టుకుని. వేసిన చుక్కలో చాలా భాగం కొద్ది నిమిషాల్లోనే కారిపోతుంది, పాచి లోపలికి దిగాలంటే పైన మందు చిక్కగా ఉండాలి. అందుకని ఆ తొందర, డాక్టరు గారి చాదస్తం కాదు. మన పొలాల్లో దెబ్బ తగిలి వచ్చే పుండ్లలో బూజు, అంటే ఫంగస్, చాలా ఎక్కువ. అదీ పాచి కడుతుంది, బ్యాక్టీరియాతో కలిసి కూడా కడుతుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి, మన తాడిగడపలో కూడా ఉంది కదా, ఆ సంస్థ పరిశోధకులే మనిషి కార్నియాల మీద ఇలాంటి కలగలుపు పాచిని పెంచి 2022లో ప్రచురించారు. ఫంగస్ ఉన్న కంట్లో మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్క పడితే, అది ఎరువు.

చుక్కల సీసా గురించి చెప్పకుండా దిగితే ఊరుకోలేను. సీసా మూతి రెప్పకి తగిలిందంటే, రెప్ప మీదవాళ్లు మూతికి ఎక్కారు. మూతి చుట్టూ తెల్లగా గట్టిపడిందంటే ఆ సీసా చెత్తబుట్టలోకే. ఇంటిల్లిపాదికీ ఒకే సీసా వద్దు. 2022-23లో అమెరికాలో కృత్రిమ కన్నీళ్ల సీసాల ద్వారా దాదాపు ఏ మందుకీ లొంగని సూడోమోనాస్ పాకింది. 18 రాష్ట్రాల్లో 81 మంది, అందులో 14 మందికి చూపు పోయింది, నలుగురికి కనుగుడ్డు తీసేశారు, నలుగురు చనిపోయారు. కళ్లు పొడిబారాయని వేసుకున్న చుక్కలు అవి.

ప్రశ్నలున్నాయా? చెప్పండి బాబాయి గారూ.

కంట్లో తల్లిపాలు పోయొచ్చా అని అడుగుతున్నారు. మా అమ్మమ్మ కూడా పోసేది. నిజం చెప్పాలంటే తల్లిపాలలో లాక్టోఫెరిన్ ఉంది, లైసోజైమ్ ఉంది. ఇందాక నేను మెచ్చుకున్నవే. కాని చర్మం మీది బ్యాక్టీరియా కూడా ఉంటుంది, అవి తినడానికి చక్కెర కూడా ఉంటుంది. పుండు ఉన్న కంట్లో వద్దండి. ఆ పాలు మనవడికే ఉంచండి. (నవ్వులు)

ఆ వెనక అమ్మాయి? పాచిని కరిగించే చుక్కలు వస్తాయా అని. ఎంజైములు, కోరం సంకేతాలని చెడగొట్టే రసాయనాలు ల్యాబుల్లో చాలా చూస్తున్నారమ్మా. ప్లేటులో పాచిని కరిగించడం నేనూ చేస్తాను. కార్నియా కరగకుండా పాచి ఒక్కటే కరగాలి, అక్కడే వస్తుంది చిక్కు. షాపులో కొనుక్కునే సీసా ఇంకా రాలేదు. నువ్వు ఏం చదువుతున్నావు? బీఎస్సీ మైక్రోబయాలజీనా? అయితే సభ అయ్యాక ఆగు, ఒకసారి ల్యాబ్‌కి వచ్చి చూద్దువుగాని.

ఇంతకీ నా ప్లేటు ఎవరి దగ్గరుంది? ఇలా అందించండి. టేపు ఊడదీశారెవరో. చచ్చినవే అన్నాను కాబట్టి పరవాలేదు, కాని ఆ ఊదా రంగు వేలికి అంటిందేమో చూసుకోండి, వారం దాకా పోదు. పంపు బయట ఎడమవైపున ఉంది.